ఇంకొక్క గింజ వేస్తే సున్నా

2022 జూలై వరదప్పుడు మొదలైంది ఇదంతా. మాది వశిష్ఠ గోదావరి ఒడ్డున, రాజోలు వైపు ఒక ఊరు. హైదరాబాద్‌లో ఉన్న కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తాను. ఆ వారం పనేమీ సాగలేదు. కరెంటు వస్తూ పోతూ ఉంది. లంకల్లో వాళ్ళు గేదెలతో సహా ఏటిగట్టు మీదికి వచ్చేశారు. ఊళ్ళో ఎవరిని కదిపినా ధవళేశ్వరం దగ్గర ఎన్ని అడుగులుందన్న మాటే. అక్కడ 17.75 అడుగులకి మూడో ప్రమాద హెచ్చరిక. నీరు దాన్ని ఎప్పుడో దాటేసింది. బ్యారేజీ నుంచి కిందికి వదులుతున్నది 25 లక్షల క్యూసెక్కులు దాటిందని టీవీలో చెప్పారు.

మా పెదనాన్న తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. అరుగు మీద కూర్చుని, "ఏరా, పాతిక లక్షల లెక్కన రోజుకి ఎన్ని టీఎంసీలు సముద్రం పాలవుతున్నాయో నీ మిషన్లో వేసి చెప్పు" అన్నారు. ఆ లెక్క ఆయన నోటితోనే వేసెయ్యగలరు. నన్ను పరీక్షించడం ఆయనకి సరదా.

లాప్‌టాప్‌లో చార్జింగ్ ముప్పై శాతం ఉంది. సీ భాషలో నాలుగు లైన్లు కొట్టాను. క్యూసెక్కంటే సెకనుకి ఒక ఘనపుటడుగు. ఆ క్యూసెక్కుల్ని 'ఇంట్' అనే మామూలు పూర్ణాంకాల డబ్బాలో పెట్టి, రోజుకి 86,400 సెకన్లు కాబట్టి దానితో గుణించి, జవాబుని 'లాంగ్ లాంగ్' అనే ఇంకా పెద్ద డబ్బాలో దాచాను. పెద్ద సంఖ్య వస్తుందని తెలిసే పెద్ద డబ్బా తీసుకున్నానన్నమాట. తెర మీద 1251635200 వచ్చింది. వంద కోట్ల ఘనపుటడుగులు ఒక టీఎంసీ కదా. "ఒకటింపావు టీఎంసీ, పెదనాన్నా" అన్నాను ధీమాగా.

"ఏడిసినట్టుంది. పదకొండున్నర వేల క్యూసెక్కులు రోజల్లా పారితేనే ఒక టీఎంసీ. పాతిక లక్షలు పారితే ఒకటింపావా? మన గోదారేమైనా పిల్లకాలవనుకున్నావా?"

అసలు జవాబు 216 టీఎంసీలు. తప్పు ఎక్కడుందో నాకు పది నిమిషాలు పట్టింది. జవాబు దాచే డబ్బా పెద్దదే, కానీ గుణించిన చోటు చిన్నది. రెండు ఇంట్‌లని గుణిస్తే ఆ గుణకారం ఇంట్‌లోనే జరుగుతుంది. 32 బిట్ల (సున్నానో ఒకటో పట్టే 32 గళ్ళ) ఇంట్‌లో పట్టే పెద్ద సంఖ్య 2,14,74,83,647. అంతకు మించింది అక్కడే తెగిపోతుంది. మిగిలిన ముక్కని తీసుకెళ్ళి పెద్ద డబ్బాలో భద్రంగా పెడుతుంది. పాత స్కూటర్ మీటరు 99,999 దాటితే మళ్ళీ సున్నా నుంచి మొదలైనట్టు, నా 21,600 కోట్ల ఘనపుటడుగులు ఆ మీటరు మీద (మైనస్ వైపు కూడా కలిపితే ఒక చుట్టు) యాభై చుట్లు తిరిగి, యాభై ఒకటో చుట్టులో ఎక్కడో ఆగాయి. ఆగిన చోటు చూసి నేను టీఎంసీలు చెప్పాను.

గుణించే ముందే ఒక సంఖ్యని లాంగ్ లాంగ్ చేస్తే సరిపోయింది. అయినా మనసులో ఒకటి ఉండిపోయింది. మైనస్ సంఖ్య వచ్చి ఉంటే నేనే అనుమానపడేవాణ్ణి. వచ్చింది చూడ్డానికి మర్యాదగా ఉన్న సంఖ్య. పక్కన పెదనాన్న లేకపోతే నమ్మేసేవాణ్ణి.

వరద తీసిన నాలుగు రోజులకి ఆయనే మళ్ళీ కదిపారు. "నీ మిషను ఎక్కడ తప్పుతుందో పట్టుకోడానికి నా దగ్గర పద్యం ఒకటుంది రా" అని రాగం తీశారు.

"శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూ..."

పావులూరి మల్లన గణితంలో చంపకమాల అది. మహావీరాచార్యుడి సంస్కృత గణిత సార సంగ్రహాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు మల్లన. సుమారు తొమ్మిది వందల ఏళ్ళ కిందటి మాట. చదరంగం పలక మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో దాంట్లో నాలుగు, ఇలా రెట్టించుకుంటూ అరవై నాలుగు గళ్ళూ నింపితే మొత్తం ఎన్ని గింజలు? జవాబంతా ఆ పద్యంలోనే ఉంది, అంకెల బదులు మాటల్లో. శర అంటే మన్మథుడి బాణాలు, అయిదు. శశి ఒకటి. షట్కం ఆరు. మళ్ళీ చంద్రుడు ఒకటి, శర అయిదు, సాయకమూ బాణమే కాబట్టి అయిదు. రంధ్రాలు తొమ్మిది, వియత్తు అంటే ఆకాశం, అది సున్నా. నగం కొండ, ఏడు. అగ్ని మూడు. భూధరం మళ్ళీ కొండే, ఏడు. ఇలా వెళ్ళి వెళ్ళి చివర కుంజరం ఎనిమిది, తుహినాంశుడు ఒకటి. చంద్రుడితోనే ముగుస్తుంది.

ఆయన ఒక్కో మాట చెప్తుంటే నేను రాసుకున్నాను. రాసుకున్నది ఎడమ నుంచి చదివితే 51615590... అర్థం లేదు. "అంకెలు ఎడమకి నడుస్తాయిరా, ఒకట్ల స్థానం ముందు చెప్తారు" అన్నారు. తిప్పి చదివాను. 18446744073709551615.

ఈ సంఖ్య నాకు ముందే తెలుసు! ప్రోగ్రాములు రాసేవాళ్ళు చాలామందికి తెలుసు. ప్లస్, మైనస్ గుర్తు లేని 64 బిట్ల పూర్ణాంకంలో పట్టే అతి పెద్ద సంఖ్య ఇదే. ఇందులో కాకతాళీయం ఏమీ లేదు. అరవై నాలుగు గళ్ళు, అరవై నాలుగు బిట్లు. గడికి రెట్టింపు, బిట్టుకి రెట్టింపు. లెక్క ఒకటే. కానీ వీధరుగు మీద కూర్చుని ఆ సంఖ్యని చంపకమాలలో వింటే ఒళ్ళు జలదరించింది.

వెంటనే ప్రోగ్రాం రాశాను. గుర్తు లేని 64 బిట్లలో గళ్ళన్నీ కూడితే పద్యంలో ఉన్నది ఉన్నట్టు వచ్చింది. "సరిపోయింది పెదనాన్నా, పలక నిండా సరిపోయింది. ఇంకొక్క గింజ వేస్తే మాత్రం సున్నా అవుతుంది."

"గింజ వేస్తే తగ్గడమేంట్రా?"

వేసి చూపించాను. సున్నా. ఆయన చాలాసేపు నవ్వారు.

గుర్తు ఉన్న 64 బిట్లలో అయితే అరవై నాలుగో గడిలో ఒక్కదాంట్లోనే మైనస్ వచ్చేసింది, -9223372036854775808. అప్పున్న గింజలు. దశాంశ సంఖ్యలు దాచే 'డబుల్' అనే డబ్బాలో వేస్తే 18446744073709551616 వచ్చింది. మామూలు కంటికి సరిగ్గానే ఉంది. కానీ పద్యం మొదలయ్యేది 'శర'తో. ఒకట్ల స్థానంలో అయిదు ఉండాలి, మిషను ఆరు చెప్పింది. బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్ ఇంకా ఉదారంగా 18446744073709552000 అంది. డబుల్ అనేది మొత్తం విలువని సుమారుగా పట్టుకుంటుంది గానీ, 2 పవర్ 53 దాటాక ప్రతి పూర్ణాంకాన్నీ విడివిడిగా గుర్తుపెట్టుకోలేదు.

మధ్యలో ఒక పిడకల వేట. అన్ని గింజలంటే ఎన్ని బస్తాలు అని మా పెద్దమ్మ అడిగింది. స్వర్ణ వడ్లు, అదే మార్టేరు వరి పరిశోధన కేంద్రం వాళ్ళ 7029 రకం, వెయ్యి గింజలు లెక్కపెట్టి కంసాలి దగ్గర తూయించాను. 20 గ్రాములకి కాస్త అటూ ఇటూ. ఆ లెక్కన పలక మీద 36,893 కోట్ల టన్నులు. 75 కిలోల బస్తాలైతే దాదాపు 4 లక్షల 92 వేల కోట్ల బస్తాలు. ప్రపంచం మొత్తం ఏడాదికి పండించే వడ్లు దాదాపు 80 కోట్ల టన్నులు. అంటే ప్రపంచమంతా నాలుగు వందల అరవై ఏళ్ళు పండించి, ఒక్క గింజా తినకుండా ఆ పలక మీద పోయాలి. "గోనెసంచులు ఎవడిస్తాడు?" అంది పెద్దమ్మ.

"పలకకి వంద గళ్ళుంటే?" అన్నారు పెదనాన్న. అసలు కథ అక్కడ మొదలైంది.

వంద గళ్ళకి 64 బిట్లు చాలవు. పైథాన్ భాష తెరిచి 2**100 - 1 అని కొడితే అర క్షణంలో వచ్చేస్తుందని నాకు తెలుసు. కానీ అప్పటికే ఒకసారి పరువు పోయింది. సొంతంగా రాద్దామనిపించింది. కార్తీకం వచ్చేదాకా రాత్రుళ్ళు దాని మీదే కూర్చున్నాను.

ఆలోచన తేలికే. ఒక డబ్బాలో పట్టకపోతే డబ్బాల వరస పెట్టు. ఒక్కో డబ్బాలో తొమ్మిది అంకెలు. డబ్బా వంద కోట్లకి చేరితే దాన్ని ఖాళీ చేసి పక్క డబ్బాకి ఒకటి పంపు. మా ఇంట్లో వడ్లు కొలిచేటప్పుడు నాలుగు గిద్దలైతే సోల, రెండు సోలలైతే తవ్వ, రెండు తవ్వలైతే మానిక అని పైకి మార్చుకుంటూ పోయేవాళ్ళు, అదే పని. ఒకటో తరగతి కూడికలో 'చేతిలో ఒకటి' అన్నదీ ఇదే.

డబ్బాల వరసలో ఏది ముందుండాలి? నేను మొదట కాగితం మీద రాసినట్టే పెద్ద స్థానాలు ముందు పెట్టాను. తప్పు చేశాను. కూడిక ఒకట్ల నుంచి మొదలవుతుంది, సంఖ్య పెరిగితే పెరిగేది పెద్ద స్థానాల వైపు. పెద్దది ముందుంటే, పెరిగిన ప్రతిసారీ వరస మొత్తాన్ని ఒక అడుగు వెనక్కి జరపాలి. ఒకట్లు ముందుంటే చివర ఇంకో డబ్బా తగిలిస్తే చాలు. నేను చూసిన పెద్ద సంఖ్యల లైబ్రరీలు (ఎవరైనా వాడుకునేలా రాసి ఉంచిన కోడ్) చాలావరకు ఇలాగే చిన్న స్థానాన్ని ముందు పెడతాయి. శరతో మొదలై తుహినాంశుడితో ముగిసే ఆ పద్యం కూడా అంతే. అది తెలిశాక మొత్తం చెరిపేసి పద్యం వరసలో మళ్ళీ రాశాను.

కూడిక ఒక్క సాయంత్రంలో అయిపోయింది. వంద గళ్ళ జవాబు 1267650600228229401496703205375. పెదనాన్న ముప్పై ఒక్క అంకెల్నీ కాగితం మీద రెట్టింపులు వేసి సరిచూశారు. రెండు రోజులు పట్టింది ఆయనకి. తప్పు లేదు.

తర్వాత గుణకారం. పరీక్షకి 25 ఫ్యాక్టోరియల్ వేశాను, అంటే ఒకటి నుంచి పాతిక దాకా అన్నీ గుణించడం. దానికి 26 అంకెలుండాలి. నాది 25 అంకెలు ఇచ్చింది. గంటన్నర గుణకారంలో వెతికాను. గుణకారంలో ఏమీ లేదు. తప్పు ముద్రించే చోట ఉంది. మధ్య డబ్బాలో ఉన్నది 043330985. దాన్ని మామూలుగా ముద్రిస్తే ముందున్న సున్నా ఎగిరిపోయి 43330985 అవుతుంది. డబ్బాలో విలువ సరైనదే, తెర మీద మాత్రం సంఖ్య పదో వంతుకి కుంచించుకుపోయింది. తెర మీద ముందొచ్చే, అంటే అన్నిటికన్నా పెద్ద స్థానం డబ్బా తప్ప మిగతా అన్నిటికీ తొమ్మిది స్థానాలు నిండేలా సున్నాలు పెట్టాలి. ఇది అందరూ చేసే తప్పేనని తర్వాత తెలిసింది.

అసలు ఏడిపించింది తర్వాతది. చిన్న సంఖ్యలు ఎన్ని గుణించినా సరిగ్గా వచ్చేవి. వంద అంకెలవీ బాగానే వచ్చాయి. రెండు వందల అంకెల దగ్గర అప్పుడప్పుడూ తేడా. 'అప్పుడప్పుడూ' అనే మాట వింటే ప్రోగ్రాములు రాసేవాడికి జ్వరం వస్తుంది. ప్రతిసారీ తప్పితే పట్టుకోవచ్చు.

పెదనాన్న అన్నారు, "తొమ్మిదులు కొట్టేసి చూశావా?" వాళ్ళ కాలంలో బళ్ళో గుణకారాన్ని అలా సరిచూసేవాళ్ళట. సంఖ్యలో అంకెలన్నీ కూడి, తొమ్మిదులు తీసేస్తే ఏం మిగిలిందో చూడాలి. రెండు సంఖ్యల శేషాల్ని గుణించి మళ్ళీ తొమ్మిదులు తీసేస్తే, జవాబు శేషంతో కలవాలి. ప్రోగ్రాంలో నాలుగు లైన్లతో పెట్టేశాను. రెండు వందల తొమ్మిదులున్న సంఖ్యని దానితోనే గుణించాను. శేషం సున్నా రావాలి. 5 వచ్చింది.

అప్పుడు కాగితం పట్టుకున్నాను. ఒక్కో డబ్బాలో వంద కోట్ల లోపు సంఖ్య. రెండు డబ్బాల లబ్ధం పెద్దదంటే ఒకటి పక్కన పద్దెనిమిది సున్నాల దాకా వస్తుంది. ఒక్కో స్థానానికి వచ్చే లబ్ధాలన్నీ కూడేసి, పక్క డబ్బాకి పంపడం చివర్లో చేద్దామని, పని తగ్గుతుందని, నేను తెలివి ఉపయోగించాను. పద్దెనిమిది లబ్ధాలు కూడినంతవరకూ 64 బిట్లలో పడతాయి. పంతొమ్మిదోది వేస్తే దాటిపోతుంది. దాటిపోయే ఆ హద్దు ఏది? 18446744073709551615. పద్యంలో సంఖ్యే! పద్దెనిమిది డబ్బాలంటే 162 అంకెలు. అందుకే వంద అంకెలప్పుడు ఏ గొడవా లేదు. రెండు వందల అంకెలున్నా డబ్బాలు దాదాపు నిండా ఉంటేనే పొంగేది, అందుకే ఆ 'అప్పుడప్పుడూ'. నా తొమ్మిదుల సంఖ్యలో ఏడు స్థానాలు ఒక్కో చుట్టు పొంగాయి.

పెద్ద సంఖ్యల కోసం ఇల్లు కడుతూ, ఇటుకల్లో ఒకటి పాత చిన్న డబ్బాయే అన్న సంగతి మర్చిపోయాను. లబ్ధం కూడిన ప్రతిసారీ వెంటనే పక్కకి పంపేలా మార్చాక సర్దుకుంది.

తొమ్మిదుల పరీక్ష మీద నాకు గౌరవం పెరిగిన మాట నిజమే గానీ దానికీ కళ్ళు కనపడని చోటుంది. సున్నా ఎగిరిపోతే అది పట్టుకోలేదు. అంకెల మొత్తం మారదు కదా. అంకెలు తారుమారైనా అంతే. నా 25 ఫ్యాక్టోరియల్ తప్పుని అది "బాగానే ఉంది" అని పంపించేసేది. అందుకే అంకెలు ఎన్ని ఉన్నాయో కూడా వేరే లెక్కపెట్టడం అలవాటు చేసుకున్నాను.

గుణకారం వేగం గురించి కొంత. బళ్ళో నేర్చిన పద్ధతిలో సంఖ్య పొడవు రెట్టింపైతే పని నాలుగింతలవుతుంది. అంతకన్నా తగ్గించడం కుదరదని కొల్మొగోరోవ్ లాంటి మహా గణితజ్ఞుడే అనుకున్నాడు. 1960లో మాస్కోలో ఆ మాట చెప్తే, విన్న కుర్రాడు కరత్సుబా వారంలోనే దారి కనిపెట్టాడు. 47ని 32తో గుణించాలనుకోండి. మామూలుగా నాలుగు చిన్న గుణకారాలు కావాలి. కరత్సుబా మూడే చేస్తాడు. 4 ఇంటూ 3 పన్నెండు. 7 ఇంటూ 2 పద్నాలుగు. మూడోది, 4, 7 కలిపి 11, 3, 2 కలిపి 5, వాటి లబ్ధం 55. అందులోంచి 12, 14 తీసేస్తే 29. ఇప్పుడు 1200, 290, 14 కూడితే 1504. చిన్న సంఖ్యలకి ఇది దండగ. వేల అంకెల సంఖ్యని సగం సగం చేసుకుంటూ ప్రతి మెట్టులో నాలుగుకి బదులు మూడే చేస్తే మాత్రం లాభం తెలుస్తుంది. పైథాన్ కూడా సంఖ్యలు ఒక పొడవు దాటాక ఈ దారికే మళ్ళుతుంది.

భాగహారం దగ్గర నేను చేతులెత్తేశాను. చేత్తో భాగహారం చేసేటప్పుడు 'ఎన్నిసార్లు పోతుంది' అని ఊహిస్తాం కదా, తొమ్మిది అంకెల డబ్బాతో ఆ ఊహ వెయ్యడం, తప్పితే ఒకటి తగ్గించడం, అదీ తప్పితే మళ్ళీ తగ్గించడం... నాలుగు రాత్రులు పోయాయి. చిన్న సంఖ్యతో భాగించడం వరకు ఉంచి, మిగతాది వదిలేశాను. సరదాకి రాసుకోవచ్చు, ఎవరైనా రాసుకోవాలి కూడా. జీతం తీసుకుని చేసే పనిలో మాత్రం సొంతంగా రాసిన పెద్ద సంఖ్యల కోడ్ పెట్టొద్దని నా గట్టి అభిప్రాయం. సీలో అయితే 1991 నుంచి జీఎంపీ అనే లైబ్రరీ ఉంది, జావాలో బిగ్ ఇంటీజర్ ఉంది.

పైథాన్‌కి వచ్చాను. అక్కడ మామూలు పూర్ణాంకమే పెద్ద సంఖ్య. లోపల అది కూడా డబ్బాల వరసే, డబ్బాకి 30 బిట్లు. పొంగడం అన్న మాటే లేదు. సుఖంగా ఉంటుందనుకున్నాను. కానీ అక్కడా గుమ్మాలున్నాయి.

పలక మీది గింజల్ని ముగ్గురు అన్నదమ్ములకి పంచితే తలా 6148914691236517205, ఒక్క గింజా మిగలదు. నేను ఒక గీతతో భాగించి దాన్ని పూర్ణాంకం చేశాను. 6148914691236516864 వచ్చింది. తలకి 341 గింజలు మాయం! పైథాన్‌లో ఒక గీత భాగహారం డబుల్‌లోకి వెళ్ళి వస్తుంది. రెండు గీతలు పెడితేనే పూర్ణాంకాల్లో ఉంటుంది. పెద్ద సంఖ్య ఒక్కసారి డబుల్ గుమ్మం దాటి లోపలికి వస్తే చాలు, తోక తెగుతుంది. తర్వాత దాన్ని ఎంత పెద్ద డబ్బాలో పెట్టినా తోక తిరిగి మొలవదు. ధవళేశ్వరం లెక్కలో నేను చేసిందీ ఇదే రకం తప్పు.

ఇంకొకటి, 2000 ఫ్యాక్టోరియల్ వేశాను. 5,736 అంకెలుంటాయి. లెక్క వేసింది గానీ ముద్రించమంటే వాల్యూ ఎర్రర్ అని మొండికేసింది. 2022 అక్టోబర్‌లో వచ్చిన పైథాన్ 3.11 వెర్షన్ నుంచి 4,300 అంకెలు మించిన సంఖ్యని మామూలుగా దశాంశంలోకి మార్చనివ్వరు. లోపల ఉన్నది రెండు ఆధారంగా. దాన్ని పది ఆధారంగా మార్చాలంటే పొడవు పెరిగేకొద్దీ పని విపరీతంగా పెరుగుతుంది. ఎవడైనా కావాలని లక్షల అంకెలు పంపి సర్వర్‌ని కూలేసే ప్రమాదం ఉందని పెట్టిన అడ్డం అది. మన పనికి కావాలంటే పరిమితి పెంచుకునే సదుపాయం ఉంది. నా సొంత లైబ్రరీకి ఈ బాధ లేదు. పది ఆధారంగానే డబ్బాలు పెట్టాను కాబట్టి ముద్రించడం సున్నాలు సర్దినంత పని. ఆ ఒక్క విషయంలో నేను పైథాన్ కన్నా మేలు అని పెదనాన్న దగ్గర గొప్పలు పోయాను.

2023 దాళ్వా కోతలప్పుడు మా చుట్టాల మిల్లులో కాటా చీటీల కోసం బ్రౌజర్‌లో నడిచే చిన్న పేజీ చేసి పెట్టాను. వారం తిరక్కుండా గుమస్తాగారి ఫోన్. "ఆయ్, బాబూ, రెండు లారీలకి ఒకే చీటీ నెంబరు వచ్చిందండి."

చూస్తే, చీటీ నెంబర్లు ఇచ్చే పాత సాఫ్ట్‌వేర్ 19 అంకెల సంఖ్యలు పంపుతోంది. నా పేజీ వాటిని సంఖ్యలుగా చదువుతోంది. జావాస్క్రిప్ట్‌లో మామూలు సంఖ్య అంటే డబుల్. 9007199254740991 దాటాక పక్కపక్క సంఖ్యలు ఒకదాన్లో ఒకటి కలిసిపోతాయి. 19 అంకెల దగ్గర అయితే పక్కపక్కనున్న వందల సంఖ్యలు ఒకే సంఖ్య అయిపోతాయి. ఇన్ని నెలలు ఇదే విషయం మీద కూర్చున్నవాణ్ణి నేను! సిగ్గేసింది.

2020 నుంచి జావాస్క్రిప్ట్‌లో పెద్ద పూర్ణాంకాల కోసం బిగ్ ఇంట్ ఉంది, సంఖ్య చివర ఎన్ అక్షరం పెడితే చాలు. అదే పెట్టాను. మామూలు సంఖ్యతో కలిపి కూడితే టైప్ ఎర్రర్ అంది. సరే, అలా గట్టిగా అరిస్తే నాకు ఇష్టమే. జేసన్‌గా, అంటే ప్రోగ్రాములు ఒకదానికొకటి సమాచారం పంపుకునే రూపంలోకి మార్చి పంపబోతే అక్కడా ఎర్రర్. పైగా అవతలి నుంచి వచ్చే జేసన్‌ని చదివేటప్పుడే సంఖ్య డబుల్ అయిపోతోంది, నేను బిగ్ ఇంట్ చేసేసరికే తోక లేదు. ఒక రాత్రంతా దీనితో కుస్తీ పట్టాక బుద్ధి వెలిగింది. చీటీ నెంబర్లని ఎవరు కూడుతారు? ఎవరు గుణిస్తారు? అది సంఖ్య కాదు, పేరు. అంకెల్లో రాసిన పేరు. రెండు వైపులా అక్షరాల వరసగా మార్చేశాను. పెద్ద సంఖ్యల కోడ్ అంతా తీసి పారేశాను.

అదే వారం గుమస్తాగారు ఇంకోటి చూపించారు. రైతుల బ్యాంకు ఖాతాల పట్టీని స్ప్రెడ్‌షీట్‌లో ఆయనే కొట్టారు. పదహారు అంకెల ఖాతాలన్నిటికీ చివర సున్నా ఉంది. స్ప్రెడ్‌షీట్ పదిహేను అంకెలే ఉంచుకుని పదహారోది సున్నా చేసేసింది. ఇద్దరు రైతుల డబ్బు వెనక్కి తిరిగి వచ్చింది. "నేను సరిగ్గానే కొట్టానండి బాబూ, ఒట్టు" అన్నారాయన. నిజంగానే సరిగ్గా కొట్టారు. ఆ గడిని ముందే టెక్స్ట్‌గా పెట్టాలని ఆయనకి ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఖాతా పుస్తకాలు తెప్పించి అన్నీ మళ్ళీ కొట్టించాం. ఆ తర్వాత ఆయన ప్రతి ఖాతా నెంబరుకీ అంకెలు వేలితో లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

ఇప్పుడు పెదనాన్నకి కొత్త పట్టుదల వచ్చింది. వంద గళ్ళ పలకకి పద్యం రాస్తారట. ముప్పై ఒక్క అంకెలు, ఆయన ప్రాణానికి చంపకమాలే కావాలి. నా పని ఆయన చెప్పే మాటల్ని అంకెలు చేసి సరిచూడ్డం. చిన్న నిఘంటువు పెట్టుకున్నాను. శర అయిదు, నగ ఏడు, గగనం సున్నా. ఒకట్లు ముందే చెప్తారు కాబట్టి చెప్పింది చెప్పినట్టే డబ్బాల్లోకి వెళ్ళిపోతుంది. మొన్న రాత్రి భోజనాలయ్యాక పద్యం పూర్తయిందన్నారు. చదివారు, నేను కొట్టాను. ముందు తొమ్మిదులు కొట్టేసి చూశాను. శేషం 6 రావాలి, 6 వచ్చింది.

"చూశావా?" అన్నారు.

"అంకెలు ముప్పయ్యే ఉన్నాయి పెదనాన్నా."

"ఏది పోయింది?"

"ఇరవై రెండు, ఇరవై మూడు స్థానాల్లో రెండూ సున్నాలే. మీరు ఒక్క గగనమే వేశారు."

ఆయన కాగితం కళ్ళకి దగ్గరగా పెట్టుకుని వేలితో లెక్కపెట్టుకున్నారు. "రెండు గగనాలు వేస్తే గణం చెడుతోందిరా" అన్నారు చివరికి. "రేపు ఒకదానికి వియత్తు పెట్టి చూస్తాను."